కొన్నదా? కౌలుదా?

డబ్బిచ్చి కొన్న వస్తువు మనదా, కాదా? ఇదేం ప్రశ్న, బడిపిల్లవాడైనా చెప్తాడు అంటారు మీరు. కాని ఏలూరులో డిగ్రీ చదివే కుర్రాళ్లూ, తాడేపల్లిగూడెం నిట్‌లో ఇంజనీరింగు చదివే కుర్రాళ్లూ ఒకచోట చేరితే ఈ ప్రశ్న మీదే గంటలకొద్దీ వాదించుకుంటున్నారు. వాళ్ల వాదం భూమి మీద కాదు, బంగారం మీదా కాదు. కంప్యూటరు ఆటల మీద.

"కుర్రాళ్ల ఆటల గొడవ మాకెందుకండీ?" అని పేజీ తిప్పబోయే గృహస్థులకు ఒక మనవి. ఆ ఆటలకు డబ్బు కట్టేది మీరే. కొత్తగా వచ్చిన పెద్ద ఆట వెల ఈ రోజుల్లో వేలల్లో ఉంటున్నది. అంతేకాదు, ఆటకు వచ్చిన ఈ తగవు పుస్తకాలకూ వచ్చింది. అంచేత కాస్త ఓపిక పట్టండి.

పూర్వం, అంటే మరీ పూర్వం కాదు, ఓ పాతికేళ్ల కిందట, కంప్యూటరు ఆట అట్టపెట్టెలో వచ్చేది. పెట్టెలో ఒక సీడీ, ఆట ఎలా ఆడాలో చెప్పే చిన్న పుస్తకం ఉండేవి. సీడీని కంప్యూటరులో ఎక్కించుకుంటే అంతటితో బేరం ముగిసినట్టే. ఆడి ఆడి విసుగు పుడితే స్నేహితునికి ఇవ్వవచ్చు, సగం ధరకు అమ్ముకోవచ్చు, తమ్ముడికి వదిలేయవచ్చు. అమ్మిన కంపెనీవాడు మళ్లీ మన గడప తొక్కే పని లేదు.

2003 సెప్టెంబరులో అమెరికాలోని వాల్వ్ అనే కంపెనీ స్టీమ్ అని ఒక ఏర్పాటు ప్రారంభించింది. ఆటలకు చేసే సవరణలను ఇంటర్నెట్టు ద్వారా ఆటగాళ్లకు చేరవేయడం మొదట దాని పని. మరుసటి సంవత్సరం నవంబరులో అదే కంపెనీ "హాఫ్ లైఫ్ 2" అనే ఆట విడుదల చేసింది. లోకమంతా ఎదురుచూసిన ఆట అది. కొట్టుకు వెళ్లి పెట్టె కొనుక్కొచ్చిన వాళ్లకు ఇంటికి వచ్చాక తెలిసింది, సీడీ ఒక్కటీ ఉంటే చాలదని. స్టీమ్‌లో ఖాతా తెరవాలి, ఇంటర్నెట్టు ద్వారా అనుమతి పొందాలి. అప్పుడు గాని ఆట తెరుచుకోదు. విడుదలైన రోజున జనం తాకిడికి స్టీమ్ యంత్రాలే తట్టుకోలేకపోయాయి. డబ్బిచ్చిన వాళ్లు పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇల్లు నాకు అమ్మి తాళంచెవి నీ మొలనే ఉంచుకుంటావా అన్నది ఆనాటి ఆటగాళ్ల కోపం.

కోపం కోపంగానే ఉన్నది, వ్యాపారం వ్యాపారంగా పెరిగింది. ఇది చూసి తక్కిన కంపెనీలూ ఎవరి కొట్టు వారు తెరిచారు. 2011లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు ఆరిజిన్ అనే కొట్టు పెట్టి, ఆ సంవత్సరం వచ్చిన "బాటిల్‌ఫీల్డ్ 3" ఆడాలంటే అందులో చేరక తప్పదన్నారు. 2018 డిసెంబరులో ఎపిక్ వారి కొట్టు వచ్చింది. మరుసటి నెలలో "మెట్రో ఎక్సోడస్" అనే ఆటను, అప్పటిదాకా స్టీమ్‌లో ముందస్తుగా అమ్ముతున్నదాన్ని, అక్కడ ఆపి ఏడాదిపాటు ఎపిక్‌కే పరిమితం చేశారు. మన ఊళ్లో సినిమా చూడాలంటే ప్రతి హాలులోనూ వేరే సభ్యత్వం, వేరే గుర్తింపుకార్డు, వేరే రహస్యపదం ఉండాలంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంతవరకు విని, "అయితే ఈ ఏర్పాటు వట్టి దోపిడీ అన్నమాట" అని తేల్చేయకండి. దీన్ని మెచ్చుకునే కుర్రాళ్లు తక్కువేమీ కారు. వాళ్ల మాటలోనూ సబబు ఉన్నది.

"సీడీ గీతలు పడి పాడైపోతుంది. మన గోదావరి జిల్లా ఉక్కకు బూజు పడుతుంది. చెల్లెలు దాంతో అద్దంలా ఆడుకుంటుంది. ఖాతాలో ఉన్న ఆటకు ఆ భయం లేదు. కంప్యూటరు మార్చినా మళ్లీ దింపుకోవచ్చు" అంటాడు ఒకడు. నిజమే. "పండుగ తగ్గింపులు పెట్టినప్పుడు వెయ్యి రూపాయల ఆట రెండు వందలకు దొరుకుతుంది" అంటాడు ఇంకొకడు. అదీ నిజమే. 2015 నవంబరు నుంచి స్టీమ్‌లో వెలలు మన రూపాయల్లోనే చూపుతున్నారు. అదే ఏడాది జూనులో ఒక మంచి నియమం కూడా పెట్టారు. కొన్న 14 రోజుల లోపల, 2 గంటలకు మించి ఆడకుండా ఉంటే, ఆట నచ్చలేదని చెప్పి డబ్బు వాపసు తీసుకోవచ్చు. గుడ్డ చింపాక వాపసు తీసుకునే బట్టల కొట్టు మన బజారులో ఎక్కడున్నది?

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. సీడీల కాలంలో మన ఊళ్లలో అసలు పెట్టెలు కొన్నవారు ఎందరు? నెట్ సెంటర్లలో, రోడ్డుపక్క బల్లల మీద దొరికిన నకలు సీడీలే ఎక్కువ. ఆట తయారుచేసిన వాడికి దమ్మిడీ అందేది కాదు. తన జీవితంలో మొదటిసారి డబ్బు కట్టి ఆట కొన్నది ఈ కొట్టులోనే అని చెప్పే కుర్రాళ్లు ఉన్నారు. ఎక్కడో ఇద్దరు ముగ్గురు కూర్చుని తయారుచేసిన చిన్న ఆట తాడేపల్లిగూడెం హాస్టలు గదిలోకి రావడం కూడా ఈ ఏర్పాటు పుణ్యమే.

ఇక రెండో పక్షం. వీళ్లకు ఆటల మీద గాని, కొట్టు మీద గాని కోపం లేదు. తప్పనిసరి అన్న మాట మీదే కోపం.

కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చి చదువుకునే కుర్రవాడిని తీసుకోండి. పెద్ద ఆట ఒక్కొక్కటి 100 జీబీ దాటుతున్నది. సెలవులకు ఇంటికి వెళ్తే అతనికి ఉన్నదల్లా సెల్‌ఫోనులో రోజుకు 2 జీబీ. లెక్క కట్టండి. ఆట పూర్తిగా దిగేసరికి 50 రోజులు. సినిమా అయితే అర్ధ శతదినోత్సవం చేసుకోవచ్చు! ఒకసారి దింపుకున్నాక ఇంటర్నెట్టు లేకుండా ఆడుకునే వీలు స్టీమ్‌లో ఉన్నది గాని, అన్ని ఆటలూ దానికి ఒప్పుకోవు. 2010లో యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీ, ఆట ఆడుతున్నంతసేపూ ఇంటర్నెట్టు తగిలి ఉండవలసిందేనని నియమం పెట్టింది. ఆ మార్చిలో వారి యంత్రాలు స్తంభించిపోతే, ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆడుకుంటున్న వాళ్ల ఆట కూడా ఆగిపోయింది. తరువాత ఆ నియమాన్ని సడలించారనుకోండి. సడలించేదాకా అనుభవించింది ఎవరు? డబ్బు కట్టినవాడు. నకలు చేసుకున్నవాడు హాయిగానే ఆడుకున్నాడు.

పాత కంప్యూటరు సంగతి చూడండి. మన మధ్యతరగతి ఇళ్లలో కంప్యూటరు అన్నగారి చదువు అయ్యాక తమ్ముడికి, తమ్ముడి తరువాత చెల్లెలికి వస్తుంది. 2019 జనవరిలో విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్లకూ, 2024 జనవరిలో విండోస్ 7 ఉన్నవాటికీ స్టీమ్ తన మద్దతు మానేసింది. ఆ పాత కంప్యూటరు మీదే ఆడడానికి కొన్న ఆట అయినా సరే, దారి ఆ కొట్టు గుండానే గనుక చిక్కు వచ్చిపడింది.

పోనీ, ఆడేసిన ఆటను అమ్ముకుందామంటే వీలు లేదు. ఫ్రాన్సులో వినియోగదారుల సంఘం ఒకటి ఈ విషయమై వాల్వ్ మీద దావా వేసింది. 2019లో పారిస్ కోర్టు అమ్ముకోవచ్చునన్నది. 2022లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. పోనీ, ఇంట్లోవాళ్లకు ఇద్దామంటే, 2024 నుంచి ఒకే ఇంట్లోని ఆరుగురు దాకా తమ ఆటలను ఉమ్మడిగా ఆడుకోవచ్చునన్నారు. సంతోషమే. అయితే ఖాతాను మరొకరి పేరిట మార్చడానికి మాత్రం స్టీమ్ నిబంధనలు ఒప్పుకోవు. తాతగారి భాగవతం మనవడికి వస్తుంది. తాతగారి ఖాతా రాదు.

ఇక్కడికి వచ్చేసరికి, మా ప్రాంతం వాళ్లకు ఇదేమిటో చప్పున స్ఫురిస్తుంది. ఇది కొనుగోలు కాదు, కౌలు!

కౌలంటే ఏమిటో పశ్చిమ డెల్టా వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. దున్నేది తను, పెట్టుబడి పెట్టేది తను, పట్టా ఇంకొకరిది. 2019లో మన రాష్ట్రంలో సాగుదారుల హక్కుల చట్టం చేసినప్పుడు కూడా కౌలురైతుకు ఇచ్చింది 11 నెలల కాగితమే. కొల్లేటి వాళ్లనడిగితే ఇంకా బాగా చెప్తారు. 1999లో అయిదో కాంటూరు దాకా సరస్సును అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు, ఎవరికి పరిహారం, ఎవరికి లేదు అన్న మాట వచ్చినప్పుడల్లా కాగితం మీద ఏమున్నదన్నదే మొదటి ప్రశ్న అయింది. చెరువు మీద ఎంత చెమట ధారపోశావని ఎవరూ అడగలేదు.

అయితే కౌలు తప్పు కాదు. కౌలుకు ఇస్తూ కొనుగోలు అని చెప్పడం తప్పు. కౌలు రైతుకు తాను కౌలుదారునని తెలుసు. ఆ లెక్కనే మక్తా బేరమాడతాడు. కంప్యూటరు తెర మీద మాత్రం నిన్న మొన్నటిదాకా "కొనండి" అనే బొత్తామే ఉన్నది, ధర కూడా కొనుగోలు ధరే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో దీని మీద ఒక చట్టం చేసింది. 2025 జనవరి నుంచి అది అమలులోకి వచ్చింది. మీరు కొంటున్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనకూడదని దాని సారాంశం. చట్టం అమలు కాకముందే, 2024 అక్టోబరులో, స్టీమ్ వారు డబ్బు కట్టే చోట ఆ సంగతి వ్రాసిపెట్టారు. ఇరవయ్యేళ్ల తరువాత వ్రాశారు!

అనుమతి మాత్రమే అంటే ఏమవుతుందో 2024లో లోకానికి తెలిసింది. "ది క్రూ" అనే కార్ల పందెం ఆటను యూబీసాఫ్ట్ వారు 2014లో విడుదల చేశారు. 2024 మార్చి 31న దాని యంత్రాలు ఆపేశారు. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా ఆ యంత్రాల మీదే ఆధారపడ్డది గనుక, ఆట మొత్తం పోయింది. పైగా కొన్నవారి ఖాతాల్లోంచి అనుమతి కూడా తీసేశారు. దీని మీద రాస్ స్కాట్ అనే ఆయన ఒక ఉద్యమం లేవదీశాడు. ఆటలను చంపకండి అన్నది దాని నినాదం. యూరపులో ఆ విన్నపానికి 2025 జూలై నాటికి 10 లక్షల పైచిలుకు సంతకాలు పడ్డాయి. వాళ్లు కోరేది కంపెనీ కలకాలం యంత్రాలు నడపాలని కాదు. ఆపే ముందు, కొన్నవాడు తన ఇంట్లో ఆడుకునే దారి ఒకటి వదిలి వెళ్లమని. ఇది గొంతెమ్మ కోరికా?

అలా చేస్తే వ్యాపారం సాగదు అనేవారికి ఒక ఉదాహరణ. పోలండు దేశపు జీవోజీ అనే కొట్టు 2008 నుంచి తాళం లేని ఆటలే అమ్ముతున్నది. దింపుకుని మీ దగ్గర దాచుకోండి, మమ్మల్ని మళ్లీ అడగనక్కరలేదు అంటుంది. ఆ సంస్థవారి "విచర్ 3" 2015లో అలాగే అమ్మారు. లోకమంతా కొన్నది.

పుస్తకాల మాట చెప్తానన్నాను. 2009 జూలైలో అమెజాన్ వారి కిండిల్ అనే చదివే పలక మీద కొందరు జార్జ్ ఆర్వెల్ నవల "1984" కొనుక్కున్నారు. అమ్మినవాడికి దాని మీద హక్కు లేదని తేలగానే, పాఠకుల పలకల్లోంచి పుస్తకాన్ని దూరం నుంచే చెరిపేశారు. డబ్బు వాపసు ఇచ్చారు, తరువాత క్షమాపణ కూడా చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల కొట్టు ఎత్తేసినప్పుడు కొన్న పుస్తకాలన్నీ అలాగే పోయాయి. అక్కడా డబ్బు వాపసు వచ్చింది. పుస్తకం రాలేదు.

వారపత్రికలో వచ్చిన సీరియలు పేజీలు జాగ్రత్తగా చింపి, వరస తప్పకుండా పేర్చి, బైండు చేయించి అలమారులో దాచుకున్న ఇళ్లు మన దేశంలో వేలకొద్దీ ఉన్నాయి. ఆ పత్రికల్లో కొన్ని మూతపడి దశాబ్దాలైంది. అయినా ఆ బైండు పుస్తకం పక్కింటికి వెళ్తున్నది, పుట్టింటికి వెళ్తున్నది, అట్ట చిరిగి తిరిగి వస్తున్నది. దాచుకోవడానికీ, ఇవ్వడానికీ, వారసులకు వదలడానికీ ఎవరి అనుమతీ అక్కరలేదు. కొనడమంటే మన పెద్దలకు తెలిసిన అర్థం అది. మన పిల్లలకు ఆ అర్థం తెలియకుండా పోతున్నది. నాకు బెంగ కలిగిస్తున్నది అదే.

అంచేత, ఈసారి అబ్బాయిగాని అమ్మాయిగాని ఆటకు డబ్బు అడిగితే వద్దనకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. ఇంటర్నెట్టు లేకుండా ఆడవచ్చునా? మన కంప్యూటరుకు సరిపోతుందా, నచ్చకపోతే వాపసు ఉన్నదా? ఇదే ఆట తాళం లేకుండా ఇంకెక్కడన్నా దొరుకుతున్నదా? కంపెనీ మూతపడితే మనకు మిగిలేది ఏమిటి? జవాబులు విన్నాక, అది కౌలు అని తేలితే కౌలు ధరే ఇవ్వండి. కొనుగోలు ధర ఇవ్వకండి. తగ్గింపు వచ్చేదాకా ఆగమంటే పిల్లలు ఓ పూట అలుగుతారు. అలగనీయండి. బేరం నేర్చుకోవడానికి అంతకన్న చవకైన బడి లేదు.