వేంపల్లె వార్త ఏ ఫాంటులో ఉంది?

2023 జులైలో ఓటీవీలో ఒడియా వార్తలు చదవడానికి లీసా వచ్చింది. అదే నెలలో బిగ్ టీవీలో తెలుగు వార్తలు చదవడానికి మాయ వచ్చింది. 2024 మేలో డీడీ కిసాన్ ఛానల్ క్రిష్, భూమి అని ఇద్దర్ని దించింది. వీళ్ళకి యాభై భాషలు వచ్చట. అందరూ ఏఐ యాంకర్లే. అప్పట్నుంచీ హాస్టల్ చర్చల్లో ఒకటే టాపిక్: "యాంకర్ల ఉద్యోగాలు పోతాయా, పోవా?"

నాకైతే ఈ చర్చే పక్కదారి పట్టిందనిపిస్తుంది. యాంకర్ చదవడమనేది చివరి పని. అసలు ఆ వార్తను తెచ్చింది ఎవరు? చదివేశాక అది ఎక్కడికి పోతుంది? మొదటి ప్రశ్న మీడియా వాళ్ళది. రెండోది సీఎస్ఈ వాళ్ళది, అంటే మనది.

మొదటిది చూద్దాం. వేంపల్లెలాంటి ఊళ్ళో మీడియా అంటే స్టూడియో, లైట్లు, మేకప్ కాదు. ఒక బైకు, ఒక ఫోను, ఒక మనిషి. పొద్దున్నే నాలుగు రోడ్ల దగ్గర టీ తాగుతూ సగం వార్తలు వింటాడు. తర్వాత మండలాఫీసు, పోలీస్ స్టేషన్, ఆస్పత్రి. ఎండాకాలమైతే తాగునీళ్ళు, వానలు పడితే పాపాఘ్ని. ఒకప్పుడు రాసిన కాగితాలు, ఫొటోలు కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సులో జిల్లా డెస్కుకి పంపేవాళ్ళు. తర్వాత ఫ్యాక్స్, మెయిల్, ఇప్పుడు వాట్సాప్. పంపే దారి మారింది గానీ, పోయి చూసి రావడం మారలేదు.

మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే "లైన్ అకౌంట్", తెచ్చిన ప్రకటనల మీద కమీషన్, అంతే. అందుకే పక్కన ఒక షాపో, సేద్యమో చూసుకుంటారు. ప్రకటన ఇచ్చిన మనిషి మీదే వార్త రాయాల్సొస్తే ఎంత ఇరుకున పడతారో ఆలోచించండి. ఉద్యోగాలు పోవడం గురించి మాట్లాడేవాళ్ళకి, అసలు ఉద్యోగం అనే పేరే లేని ఈ పని కనబడదు.

వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని మనకి పక్కనే. దాని టెయిలింగ్ పాండ్ దగ్గరున్న మబ్బుచింతలపల్లె, కె.కె. కొట్టాల రైతులు బోరు నీళ్ళు చెడిపోయాయనీ, అరటితోటలు దెబ్బతిన్నాయనీ ఏళ్ళుగా చెప్తున్నారు. గని సంస్థ తన వల్ల కాదంటుంది. ఎవరి మాట నిజమో తేలాలంటే ముందు ఎవరో ఒకరు ఆ తోటలోకి పోవాలి. నీళ్ళు చూడాలి, రైతు చెప్పింది రాసుకోవాలి, సంస్థను కూడా అడగాలి. క్రిష్‌కి యాభై భాషలు వచ్చినా కొట్టాలకు దారి తెలీదు.

ఇక రెండో ప్రశ్న. 1974 ఆగస్టు 10న విశాఖలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లా వార్తలకు విడిగా చిన్న సైజు పత్రిక ఇవ్వడం మొదలుపెట్టింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. 2008 మార్చిలో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది. అంటే మూడు దశాబ్దాలకు పైగా మన మండలాల మామూలు బతుకు రోజూ అచ్చవుతూనే ఉంది: ఎండిన కుళాయి, రాని బస్సు, చీనీకాయల రేటు, కూలిన స్కూలు గోడ.

ఇప్పుడు అందులో ఒక్క వార్త వెతకండి చూద్దాం. పాతికేళ్ళ కింద వేంపల్లె నీళ్ళ ఎద్దడి గురించి ఏం రాశారో గూగుల్‌ని అడగండి. దొరకదు. రాయలేదని కాదు. రాసిన అక్షరం కంప్యూటర్‌కి తెలుగు అక్షరం కాదు కాబట్టి.

డీటీపీ వచ్చాక తెలుగు పేజీలు ఎక్కువగా అను లాంటి ఫాంట్లలో తయారయ్యాయి. స్క్రీన్ మీద తెలుగే కనబడుతుంది. ఫైల్ లోపల ఉండేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్. తలకట్టుకి ఒకటి, గుడికి ఒకటి, ఒత్తుకి ఇంకోటి. ఫాంటు తీసేస్తే మిగిలేది చెత్త. యూనికోడ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే తెలుగుకి 128 స్థానాల చోటుంది. అయినా డెస్కులు పాత ఫాంట్లను వదల్లేదు. రాత్రి టైముకి పేజీ పంపాల్సిన సబ్ ఎడిటర్‌ని దీనికి తప్పుపట్టలేం. ఏది ఆగకుండా పనిచేస్తే అదే వాడతారు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళు తెలుగుని ఎంత పట్టించుకున్నారో 2018 ఫిబ్రవరిలో చూశాం. "జ్ఞా" అక్షరం ఒక రకంగా టైప్ చేసి మెసేజ్ పంపితే ఐఫోన్లో యాప్‌లు క్రాష్ అయ్యేవి. చివరికి ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ సరిచేసింది. అంత ఖరీదైన ఫోన్‌కి మన జ్ఞానంలో మొదటి అక్షరమే అరగలేదు.

ఇప్పుడిది ఇంకా ఎందుకు ముఖ్యమంటే, ఏఐ మోడల్ నేర్చుకునేది తను చదవగలిగిన టెక్స్ట్ నుంచే. వేంపల్లె గురించి అడిగితే గండి ఆంజనేయస్వామి గురించి, ఇడుపులపాయ గురించి, రాజకీయాల గురించి చెప్తుంది. ఇక్కడ మామూలు మనుషులకి ఒక మామూలు రోజు ఎలా గడిచిందో అడిగితే అల్లి చెప్తుంది. రేపు ఒక స్టూడెంటో, ఆఫీసరో దాన్నే నమ్ముకుంటే, ఎండలో బైకు మీద తిరిగి రాసిన మనిషి కష్టం అసలు జరగనట్టే లెక్క.

ఇలాంటి పని మన జిల్లాలో ఒకసారి జరిగింది. 1820లో కడపకొచ్చిన సి.పి. బ్రౌన్, తాటాకుల మీద పాడైపోతున్న తెలుగు పద్యాలను సొంత డబ్బు పెట్టి పండితుల చేత కాగితం మీదకి ఎక్కించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో లైబ్రరీ ఉంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చడం కూడా అలాంటి పనే. దీనికి పెద్ద కంపెనీ అక్కర్లేదు. 2000ల్లో ఒక్కో తెలుగు పత్రిక సైటుకి ఒక్కో ఫాంటు ఉన్న రోజుల్లో, పద్మ అనే చిన్న ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. పత్రిక పేజీ పత్రిక ఆస్తి, అనుమతి కావాలి. ఓసీఆర్ ఒత్తుల దగ్గర తడబడుతుంది. అన్నిటికంటే పెద్దది ఇంకోటుంది. ఎప్పుడో చిన్న దొంగతనం కేసులో పేరు అచ్చయిన మనిషి, కేసు కొట్టేసినా సెర్చ్‌లో జీవితాంతం దొరుకుతూనే ఉంటాడు. కాబట్టి ఎవరి పేర్లు దాచాలో ముందే అనుకోవాలి. ఇది కోడ్ చెప్పదు, రోజూ వార్తలు రాసే మనిషిని అడిగి తెలుసుకోవాలి.

మన మినీ ప్రాజెక్టుల లిస్టు చూడండి: ఫేస్ అటెండెన్స్, చాట్‌బాట్, మళ్ళీ చాట్‌బాట్. ఈసారి ఒక్క బ్యాచ్ అయినా దీన్ని తీసుకోవాలని నా కోరిక. మన మ్యాగజైన్ పాత సంచికలతోనే మొదలుపెట్టొచ్చు. అవీ అను ఫాంటు పీడీఎఫ్‌లే, అనుమతి గొడవ కూడా లేదు. అవి అయ్యాక ఒక మండల విలేకరిని క్లబ్‌కి పిలుద్దాం. "మీకు ఏఐ కావాలా?" అని కాకుండా, "మీ పనిలో ఏది కష్టంగా ఉంది?" అని అడుగుదాం.

ఇంటరెస్ట్ ఉన్నవాళ్ళు క్లబ్ గ్రూపులో పేరు ఇవ్వండి. మొదటి సంచిక నేను తీసుకుంటున్నా.