పొరుగింటి పుల్లకూర

ఊరంతా ఒక సంబంధం బాగుందంటుంది. ఇంటిపెద్ద మాత్రం ఎవరూ ఊహించని మరో సంబంధం ఖాయం చేసుకుని తాంబూలాలు పుచ్చుకొస్తాడు. ఇక చూడండి! పెళ్లయి పదేళ్లు దాటినా, పిల్లలు బడికెళ్తున్నా, ఏ శుభకార్యంలో నలుగురు చేరినా అదే మాట: 'ఆ మొదటి సంబంధమే చేసుకుని ఉంటేనా...!'

అమెరికాలోని హ్యూస్టన్ నగరానికి 2006లో అచ్చం అలాంటి అనుభవమే ఎదురైంది. మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడిన నగరమది. అయితే అక్కడి గొడవ పెళ్లి గురించి కాదు, ఫుట్‌బాల్ గురించి. ఆ ఊరి జట్టు హ్యూస్టన్ టెక్సన్స్ ఒక కుర్రాణ్ని ఎంచుకుంది. అతడి పేరు మారియో విలియమ్స్. 'అంత డబ్బు పోసి తెచ్చుకోదగ్గవాడేనా?' అన్న వాదన ఆ రోజు మొదలైంది. అతడు ఆట మానేసినా ఆ వాదన పూర్తిగా ఆగలేదు.

ముందు ఆట సంగతి

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనం టీవీలో చూసే ప్రపంచకప్ ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, తలకు హెల్మెట్, ఒక్కోవైపు పదకొండు మంది. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తాలి, లేదంటే ముందున్న తమ ఆటగాడికి విసరాలి. అలా విసిరేవాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టుకు మెదడూ అతడే, చెయ్యీ అతడే. అందుకే అతడికి ముందు అయిదుగురు భారీకాయులు గోడలా నిలబడతారు. ఆ గోడను ఛేదించుకుని వెళ్లి, రెండు మూడు సెకన్లలో క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో సహా నేలకూల్చడమే పాస్ రషర్ పని. అలా కూల్చితే దాన్ని 'సాక్' అంటారు.

అప్పట్లో ఒక్కో జట్టు సీజన్‌కు 16 మ్యాచ్‌లు ఆడేది. అన్నింటిలో కలిపి పది సాక్‌లు చేస్తే మేటి పాస్ రషర్ కిందే లెక్క. అంటే సగటున మ్యాచ్‌కు ఒకటి కూడా కాదు! మిగతా సమయమంతా అతడు తోస్తూ, తోయించుకుంటూ ఉంటాడు. అతణ్ని ఆపడానికి ఇద్దరు కావాల్సి వస్తే, ఆ మేరకు అతడి పక్కవాడికి దారి దొరుకుతుంది. క్వార్టర్‌బ్యాక్ కంగారులో బంతిని తప్పుగా విసురుతాడు. ఆ లాభం అతడి సాక్‌ల లెక్కలోకి రాదు. గొడవకు మూలం ఇక్కడే ఉంది.

ఇక ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి. ఐపీఎల్‌లోలా వేలంపాట ఉండదు. ఏటా ఏప్రిల్ చివర్లో 'డ్రాఫ్ట్' జరుగుతుంది. కాలేజీల్లో ఆడి వచ్చిన కుర్రాళ్లను జట్లు వరసగా ఎంచుకుంటాయి. కిందటి సీజన్లో అందరికంటే వెనకబడిన జట్టుకు మొదటి అవకాశం. ఓడినవాడికి ఊరట అన్నమాట. 2002లో మొదలైన టెక్సన్స్, 2005లో 16 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచింది. అలా 2006లో దేశంలోని కుర్రాళ్లందరిలో తనకు నచ్చినవాణ్ని ముందుగా తీసుకునే అదృష్టం దక్కింది.

ఇద్దరు హీరోలు, ఒక మూడోవాడు

ఆ ఏడాది అందరి నోళ్లలో నానిన పేర్లు రెండు. ఒకరు రెగ్గీ బుష్. కాలిఫోర్నియాలోని యూఎస్‌సీ ఆటగాడు. బంతి చేతికొస్తే మెరుపే. కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నత పురస్కారం హైస్‌మన్ 2005లో అతడికే ఇచ్చారు. రెండోవాడు విన్స్ యంగ్. హ్యూస్టన్‌లో పెరిగి, అక్కడి బడిలోనే ఆడినవాడు. టెక్సస్ విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్. 2006 జనవరి 4న రోజ్‌బౌల్‌లో ఈ ఇద్దరి జట్లే తలపడ్డాయి. మరో 19 సెకన్లలో ఆట ముగుస్తుందనగా యంగ్ స్వయంగా బంతి పట్టుకుని గీత దాటాడు. టెక్సస్ 41-38తో గెలిచింది. హ్యూస్టన్ ఉప్పొంగిపోయింది. మన ఊరి పిల్లాడు మన జట్టులోకే వస్తాడని ఎందరో కలలు కన్నారు. కాదంటే బుష్ ఎలాగూ ఉన్నాడనుకున్నారు.

డ్రాఫ్ట్ ఏప్రిల్ 29న. ముందురోజు రాత్రే టెక్సన్స్ ప్రకటన వెలువడింది. యంగ్ కాదు, బుష్ కాదు. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మారియో విలియమ్స్! వయసు 21. ఆరున్నర అడుగుల ఎత్తు, దాదాపు 130 కిలోల బరువు. అంత ఒళ్లు వేసుకుని అంత వేగంగా పరుగెత్తేవాళ్లు అరుదు. ఆరేళ్లకు 5 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందం. అందులో 2 కోట్ల 65 లక్షలకు పూర్తి హామీ.

అభిమానులు భగ్గుమన్నారు. 'ఇదేం ఎంపిక?' అని విశ్లేషకులు ముక్కున వేలేసుకున్నారు. జట్టు జనరల్ మేనేజర్ చార్లీ కాసర్లీ, కొత్త కోచ్ గ్యారీ కూబియాక్ ఎంత చెప్పినా వినేవారు తక్కువ. డ్రాఫ్ట్ అయిన కొద్దివారాలకే కాసర్లీ పదవి నుంచి తప్పుకున్నారు. నిందలు మోయడానికి మారియో మిగిలాడు.

నిజానికి జట్టు లెక్క జట్టుకుంది. టెక్సన్స్ ఆడే విభాగంలోనే ఇండియానపోలిస్ కోల్ట్స్ కూడా ఉంది. దాని క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్. ఏటా రెండుసార్లు అతణ్ని ఎదుర్కోవాలి. 2002 నుంచి 2005 వరకు కోల్ట్స్‌తో ఎనిమిదిసార్లు ఆడితే ఎనిమిదిసార్లూ ఓటమే. మానింగ్‌కు తీరిగ్గా విసిరే సమయం ఇవ్వకుండా చేసేవాడు కావాలి. తమ క్వార్టర్‌బ్యాక్‌గా డేవిడ్ కార్‌నే కొనసాగించాలని అప్పటికే నిర్ణయించుకున్నారు కాబట్టి యంగ్ అవసరం లేదనుకున్నారు.

తొలి ఏడాది పరాభవం

కాలం మాత్రం మొదట్లో తిట్టినవాళ్ల పక్షమే వహించింది. 2006లో మారియో పాదం నొప్పితో ఆడాడు. చేసినవి నాలుగున్నర సాక్‌లు. ఇద్దరు కలిసి కూల్చితే చెరి సగం వేస్తారు, అందుకే ఆ 'అర'. అదే ఏడాది, కత్రినా తుపాను దెబ్బకు అల్లాడిన న్యూఆర్లీన్స్‌లో రెగ్గీ బుష్ కొత్త ఉత్సాహం నింపాడు. అతడి జట్టు సెయింట్స్ సూపర్‌బౌల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా వెళ్లింది.

ఇక టెన్నెసీ టైటన్స్‌కు వెళ్లిన విన్స్ యంగ్ అయితే, 2006 డిసెంబరు 10న సొంత ఊరికే ప్రత్యర్థిగా వచ్చాడు. స్కోర్లు సమమై ఆట అదనపు సమయంలోకి వెళ్లింది. బంతి తీసుకుని 39 గజాలు పరుగెత్తి హ్యూస్టన్‌ను హ్యూస్టన్‌లోనే 26-20తో ఓడించాడు. ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారమూ అందుకున్నాడు. పుండు మీద కారం చల్లడమంటే అదే! 'చూశారా, మేం చెప్పలేదూ?' అన్నవాళ్లకు ఎదురు మాట్లాడే దిక్కు లేదు.

ఆ రెండు వారాలకే టెక్సన్స్ తన చరిత్రలో మొదటిసారి కోల్ట్స్‌ను 27-24తో ఓడించింది. కానీ ఆ గెలుపు కన్నా యంగ్ పరుగే జనానికి గుర్తుండిపోయింది.

తిరిగిన చక్రం

2007లో మారియో 14 సాక్‌లు చేశాడు. 2008లో 12. 2008, 2009 సీజన్లకు ప్రో బౌల్ మేటి ఆటగాళ్ల జాబితాలోకి ఎక్కాడు. టెక్సన్స్ తరఫున మొత్తం 53 సాక్‌లు. అప్పటికి ఆ జట్టు రికార్డు అదే.

మరోవైపు యంగ్ మెరుపులు నిలకడగా సాగలేదు. 2011లో టెన్నెసీ అతణ్ని వదులుకుంది. ఆ ఏడాది ఫిలడెల్ఫియాకు ఆడిన మ్యాచ్‌లే ఎన్ఎఫ్ఎల్ సీజన్లలో అతడికి చివరివి. బుష్ 2010 ఫిబ్రవరిలో సెయింట్స్‌తో సూపర్‌బౌల్ గెలిచాడు, చాలాకాలమే ఆడాడు. కానీ ప్రో బౌల్ గౌరవం ఒక్కసారీ దక్కలేదు. 2011లో న్యూఆర్లీన్స్ కూడా అతణ్ని వేరే జట్టుకు పంపేసింది. మారియో 2016 దాకా ఆడి 97.5 సాక్‌లతో ముగించాడు. ముగ్గురినీ ఒక వరసలో నిలబెడితే టెక్సన్స్ ఎంపికే మెరుగని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు.

అయితే తీర్పు ఇక్కడితో అయిపోలేదు. 'కాదు, దండగే' అనేవాళ్ల దగ్గరా గట్టి వాదనే ఉంది. మారియో ఉన్న మొదటి అయిదేళ్లలో టెక్సన్స్ ఒక్కసారీ ప్లేఆఫ్స్‌కు చేరలేదు. 2011లో చేరింది. తమాషా ఏమిటంటే, ఆ ఏడాది అయిదో మ్యాచ్‌లోనే ఛాతీ కండరం తెగి అతడు సీజన్‌కు దూరమయ్యాడు! అతడు లేకుండానే, అప్పుడే జట్టులోకి వచ్చిన జె.జె. వాట్ లాంటి కుర్రాళ్లతో జట్టు గట్టెక్కింది. 2012లో ఒప్పందం ముగిసిన మారియో బఫెలో బిల్స్‌కు వెళ్లిపోయాడు. ఆరేళ్లకు 10 కోట్ల డాలర్ల దాకా దక్కే ఒప్పందం అది. అక్కడ నాలుగేళ్లలో 43 సాక్‌లు. అంటే హ్యూస్టన్ పెంచిన చెట్టు కాయల్లో దాదాపు సగం పొరుగువాళ్ల బుట్టలో పడ్డాయి.

ఇద్దరి గోలలో మరుగునపడ్డవాడు

అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. హ్యూస్టన్ వాదనంతా 'వీడా, ఆ ఇద్దరా' అన్న చుట్టే తిరిగింది. అదే డ్రాఫ్ట్‌లో నాలుగో స్థానంలో న్యూయార్క్ జెట్స్ ఎంచుకున్న డిబ్రికషా ఫెర్గూసన్ పేరు పెద్దగా వినిపించలేదు. క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడేవాళ్లలో ఒకడు. బంతి ముట్టుకునే పని కాదు, పతాక శీర్షికలకు ఎక్కే పనీ కాదు. కానీ పదేళ్లలో 160 మ్యాచ్‌లకు 160 ఆడాడు. పదేళ్ల మొత్తం మీద అతడు మైదానం బయట ఉన్నది ఒకే ఒక్క ఎత్తుగడకు!

అప్పుడు హ్యూస్టన్ ఇంట్లో కారుతున్న కప్పు ఏది? 2005లో డేవిడ్ కార్‌ను ప్రత్యర్థులు 68 సార్లు నేలకూల్చారు. 2002లో అయితే 76 సార్లు, అది ఎన్ఎఫ్ఎల్ రికార్డు. ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టేవాడి కోసం వెతికిన జట్టు, తన క్వార్టర్‌బ్యాక్ పడిపోకుండా కాపాడేవాణ్ని తెచ్చుకోవద్దా? ఆ కార్‌నే నమ్ముకుని యంగ్‌ను వద్దన్న జట్టు, మరుసటి ఏడాదే కార్‌ను కూడా వదిలేసింది. తప్పు వెతకాలంటే అది మారియోలో కాదు, ఆ లెక్కలో దొరుకుతుంది.

ఇంకో సంగతి. టెక్సన్స్ ఆ ఏడాది ఒక్క మారియోనే తెచ్చుకోలేదు. రెండో రౌండ్ మొదట్లో డిమెకో రయన్స్ అనే లైన్‌బ్యాకర్‌ను తీసుకుంది. రక్షణ విభాగంలో 2006 ఉత్తమ కొత్త ఆటగాడు అతడే. మొదటి సంబంధం మీద గొడవలో పడి, ఇంటికొచ్చిన రెండో మంచివాణ్ని చాలామంది సరిగా చూడనేలేదు.

కాబట్టి మారియో ఆ స్థానానికి తగినవాడేనా? తగినవాడే. జట్టు రాత మార్చిన మహానుభావుడు కాదు, మోసపోయి తెచ్చుకున్న సరుకు అంతకన్నా కాదు. పదకొండు మందిలో ఒకడు తన పని తాను బాగా చేశాడు. మిగతా పది చోట్ల పని బాగాలేకపోతే ఆ నేరం అతడిది కాదు. పైగా 'నన్ను ఎంచుకోండి' అన్నది అతడు కావచ్చు, ఎంచుకున్నది మాత్రం యాజమాన్యం. డబ్బు అంకె చూసి కోపం తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ అంకె అప్పటి పద్ధతిది. 2011లో కొత్త ఆటగాళ్ల జీతాలకు కళ్లెం వేశారు. ఆ ఏడాది మొదట ఎంపికైన కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు దక్కింది సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లే.

ఈ కథకు ఒక కొసమెరుపు. ఆ డిమెకో రయన్స్ 2023లో టెక్సన్స్‌కు ప్రధాన కోచ్‌గా తిరిగొచ్చాడు. ఆ ఏప్రిల్‌లో జట్టు రెండో స్థానంలో క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్‌ను తీసుకుంది. వెంటనే మరుసటి ఏడాది మొదటి రౌండ్ అవకాశం కూడా ధారపోసి, అరిజోనా నుంచి మూడో స్థానం కొనుక్కుంది. ఎవరి కోసం? విల్ ఆండర్సన్ అనే పాస్ రషర్ కోసం! 'ఒక్క పాస్ రషర్‌కు అంత ధరా?' అన్న పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఏడాది తిరిగేసరికి ఉత్తమ కొత్త ఆటగాళ్ల పురస్కారాలు రెండూ, అటు స్ట్రౌడ్‌కు, ఇటు ఆండర్సన్‌కు, ఒకే ఇంటికి వచ్చాయి.

ఈసారి తేడా ఒక్కటే. పడగొట్టేవాడితో పాటు విసిరేవాణ్నీ తెచ్చుకున్నారు. 2006లో మారియో పక్కనే అడుగుపెట్టి, ఆ కుర్రాడు పడ్డ మాటలన్నీ దగ్గరి నుంచి విన్నవాడే ఈసారి కోచ్. పొరుగింటి పుల్లకూర ఎప్పుడూ రుచిగానే ఉంటుంది. మన ఇంట్లో ఉప్పు తక్కువైందా, కూరే బాగాలేదా అన్నది తేల్చుకోవడానికి మాత్రం కాస్త కాలం పడుతుంది. హ్యూస్టన్‌కు అది తెలియడానికి పదిహేడేళ్లు పట్టింది.