ఖాళీ ఉంటేనే సీటు

కిందటి నెల మన సంఘంలో ఒక చెల్లెలు "అక్కయ్యా, మీరు ఇంగ్లండు వెళ్ళి వచ్చారు గదా, ఆ కబుర్లు వ్రాయరేం?" అని అడిగింది. మేము వెళ్ళింది 2018లో. చూసిన వింతలకన్నా తిరిగి వచ్చిన విధమే నాకు ఎక్కువ జ్ఞాపకం.

మా అమ్మాయి లండనులో ఒక విమాన సంస్థలో పని చేస్తోంది. ఇలాంటి సంస్థలు ఉద్యోగుల తల్లిదండ్రులకు బాగా తక్కువ ధరకు టిక్కెట్లు ఇస్తుంటాయి. అయితే ఆ టిక్కెట్టుకు సీటు ఖాయం కాదు. పూర్తి డబ్బు కట్టినవారందరికీ సరిపోయి, ఇంకా ఖాళీ మిగిలితేనే మనకు. స్టాండ్‌బై అంటారు. పెళ్ళిలో ఆఖరి బంతికి కూర్చున్నట్టే. ఆ ఆఖరి బంతిలోనూ ఎక్కువ సర్వీసు ఉన్నవారి మనుషులకే ముందు పిలుపు. మా అమ్మాయిది మూడేళ్ళ సర్వీసు.

మార్చిలో వెళ్ళేటప్పుడు విమానం సగం ఖాళీ. ఇంత సుఖమా అనుకున్నాము.

మావారు వ్యవసాయదారులు. రాణిగారి భవనం చూసి ఊఁ అన్నారు, లండను వంతెన చూసి ఊఁ అన్నారు. జూన్‌లో అమ్మాయి మమ్మల్ని రైల్లో డార్కింగు అనే ఊరు తీసుకుపోయింది. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించిన సర్ ఆర్థర్ కాటన్ గారు 1899లో చనిపోయింది ఆ ఊళ్ళోనే. సమాధి కూడా అక్కడే. మావారు చెప్పులు విడిచి చాలాసేపు నిలబడ్డారు. చివరికి, "మన కాలువకి ఈపాటికి నీళ్ళు వదిలి ఉంటారు" అన్నారు. ఆ రోజునుండే ఆయనకు ఇంటిమీద గాలి మళ్ళింది.

జూలైలో మా మరిది ఫోను. అత్తగారు పెరట్లో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది, శుక్రవారం కాకినాడలో ఆపరేషను. ఆ రోజు మంగళవారం.

అక్కడ సెలవుల కాలం, విమానాలన్నీ కిటకిట. అప్పటికప్పుడు మామూలు టిక్కెట్లు కొనాలంటే మా ఒక పంట డబ్బు. మంగళవారం రాత్రి పెట్టెలతో విమానాశ్రయానికి పోయి కౌంటరు పక్కన నిలబడ్డాము. సీటు లేదన్నారు. మళ్ళీ ఇంటికి. బుధవారం మళ్ళీ అదే వరుస.

అక్కడ నిలబడినప్పుడు నాకొక సందేహం వచ్చింది. టిక్కెట్టు కొన్న ఎవరో ఒకరు రాకపోతేనే గదా నాకు చోటు! ఎవరికో రోడ్డుమీద ఆటంకం కలగాలని దేవుణ్ణి అడగవచ్చా? అడగలేకపోయాను. అత్తగారి కోసం మాత్రం ప్రార్థన చేసుకున్నాను.

కౌంటరు మూసే వేళకు ఆ అమ్మాయి మా పేర్లు పిలిచింది. ఒక్కటే సీటు ఉంది, నిమిషంలో చెప్పమంది.

"మీరు వెళ్ళండి. కన్నకొడుకు ఉండాలి" అన్నాను.

"నేను వెళ్ళి ఏం చేస్తాను? అమ్మకి తల దువ్వగలనా, బట్ట మార్చగలనా? నువ్వెళ్ళు" అన్నారు.

అది నిజమే. పైగా ఆయనకు ఇంగ్లీషు రాదు. నా చేతిసంచిలో ఉన్న ఆయన షుగరు మాత్రలు తీసి అమ్మాయి చేతిలో పెట్టి లోపలికి నడిచాను. తలుపు మూసేదాకా, ఆ సీటు మనిషి వచ్చి లేవమంటాడేమోనని బెల్టు కూడా పెట్టుకోలేదు.

చవకే గాని, తొందర లేనివారికి తగిన టిక్కెట్టు ఇది. ఇంటివద్ద పెద్దవారు మంచాన ఉన్నవారు దీన్ని నమ్ముకోవద్దు. వాడే మందులు పెద్ద పెట్టెలో పెట్టకుండా దగ్గర ఉంచుకోండి. వీసా గడువు చివరిదాకా ఆగకండి.

శుక్రవారం ఉదయం ఆపరేషనుకు ముందే ఆసుపత్రికి చేరాను. అత్తగారు కళ్ళు తెరిచి, నన్ను దాటి గుమ్మంవైపు చూశారు. "వాడేడే?"

"సీటు దొరకలేదు అత్తయ్యా."

"నిలబడైనా రాలేకపోయాడా?" అన్నారు. ఆవిడ ఎరిగినది మా ఊరి బస్సు.

మావారు వచ్చింది మంగళవారం. అప్పటికి ఆవిడ వాకరు పట్టుకొని నాలుగు అడుగులు వేస్తున్నారు. కొడుకును చూసి మొహం తిప్పుకున్నారు. కాసేపయ్యాక నన్ను దగ్గరకు పిలిచి, "వాడు అన్నం తిన్నాడో లేదో కనుక్కో" అన్నారు.