ఆడని యంత్రానికి మార్కులెన్ని?

తల్లాడ వైపు వైజ్ఞానిక ప్రదర్శనలలో ఏటా అగ్నిపర్వతం పొగలు కక్కుతూనే ఉంటుంది. థర్మకోలు మీద రంగులు బాగుంటే బహుమతి! నేనూ అలా మార్కులు వేసినవాణ్ణే.

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం ఆ బల్ల మీదికి వచ్చి ఉంటే? పోచంపల్లి చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక, చిన్నప్పుడే బడి మానిన మల్లేశం గారు 1992లో యంత్రం మొదలుపెట్టారు. అప్పులయ్యాయి, ఊరు నవ్వింది. కావలసిన ఒక కదలిక ఎంతకీ కుదరలేదు. చివరకు హైదరాబాదు బాలానగర్‌లో పనికి వెళ్లినచోట, వేరే యంత్రంలో అది కంటబడింది! 1999లో ఆసు యంత్రం ఆడింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

అదే 1998లో అయితే? ఆడని యంత్రం. నేను సున్నా వేసి ఉండేవాణ్ణి.

అందుకే నా మాట: సగం మార్కులు "ఏది కుదరలేదు, ఎన్నిసార్లు విప్పావు?" అన్న ప్రశ్నకే ఇవ్వాలి. ఈసారి పాత ఫ్యాను మోటారు విప్పి తీసుకురండి (ప్లగ్గు పీకేశాకనే సుమా!). తిరగకపోతే ఎందుకు తిరగలేదో చెప్పండి. మీ మాస్టారు కోప్పడితే ఈ పేజీ చూపించండి.