ఇంట్లోనే ఎడిటింగ్... ఏ కంప్యూటర్ కొనాలి?

పాపాయి తొలి అడుగులు, అక్క పెళ్లి, తాతయ్య షష్టిపూర్తి... అన్నీ సెల్‌ఫోన్లోనే ఉంటాయి. వాటిని కత్తిరించి, అతికించి, పాట జోడించి చూసుకోవాలనుకుంటే మొదటి ప్రశ్న- ఎలాంటి కంప్యూటర్ కొనాలి?

ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుతోనే పని మొదలవ్వాలని లేదు. చాలా ఫోన్లు వీడియోను హెచ్.265 పద్ధతిలో కుదించి దాస్తాయి. దాన్ని సులువుగా విప్పే ఏర్పాటు ప్రాసెసర్‌లోనే ఉంటే కొత్తవారికి చాలు. ఏడో తరం నుంచీ ఇంటెల్ కోర్ ప్రాసెసర్ల సొంత గ్రాఫిక్స్‌లో ఇది ఉంది. అయితే పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్న మోడళ్లలో ఆ గ్రాఫిక్స్ ఉండదు. బిల్లు కట్టేముందు ఇది చూసుకోండి.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. తక్కువైతే రెండు మూడు క్లిప్పులు పక్కపక్కన పెట్టగానే మొరాయిస్తుంది. ఎడిటింగ్ చేసే ఫైళ్లను ఎస్ఎస్‌డీలో ఉంచుకోవాలి. ఫోర్‌కే వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ అనుకున్నా, గంటకు 10 జీబీ దాటుతుంది. కాబట్టి 512 జీబీకి తగ్గొద్దు.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉందా? సాఫ్ట్‌వేర్‌లో 'ప్రాక్సీ' సదుపాయం వాడి చూడండి. చిన్న సైజు నకళ్లతో పని నడిపించి, చివర్లో అసలు వీడియోతోనే ఫైలు తయారుచేస్తుంది. డావిన్చీ రిజాల్వ్, షాట్‌కట్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి.

మిగిలిన డబ్బుతో ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనండి. అసలు వీడియోలు రెండుచోట్ల భద్రమయ్యాకే ఫోన్లోంచి తీసేయండి. పాడైన డిస్కు మళ్లీ కొనుక్కోవచ్చు, అందులోని అమ్మమ్మ గొంతు ఏ షాపులోనూ దొరకదు!