చిలకకు లేని మంట

గుంటూరు మిరపకాయ కొరికితే మనకు కళ్లనీళ్లు. చిలకకు చీమ కుట్టినట్టయినా ఉండదు! పక్షులకు ఆ మంట తెలియదు. చాలా పక్షులు గింజల్ని నమలకుండా మింగి, ఎక్కడో దూరంగా రెట్టలో వదిలేస్తాయి. గింజల్ని నమిలేసే జంతువుల్ని ఆపడానికే మొక్క కారాన్ని దాచుకుందంటారు శాస్త్రవేత్తలు. మనిషి ఆగాడా? ఆ మంటకే మురిసి, అమెరికా ఖండాల కాయను సముద్రాలు దాటించాడు. కదల్లేని మొక్కకు తనే కాళ్లయ్యాడు.

అయితే కారం ఉండేది కాయలో, గింజలు అంటుకునే తెల్లటి భాగంలో. 2021లో గుంటూరు, ప్రకాశం చేలమీద పడ్డ నల్లతామర పురుగు పూతలోనే చేరి రసం పీల్చేసింది. పూత రాలిపోయింది. దాన్ని కాపాడుకోవడానికి మొక్కకు మనిషే దిక్కు. ఎన్ని మందులు కొట్టినా పురుగు లొంగలేదు. అప్పు తెచ్చి కౌలుకు చేసినవాళ్లు కొందరు, కాయ కళ్లజూడకుండానే తోట దున్నేశారు.