హరమ్ యాత్రకు నగదు: ఇంటివద్దే చేయవలసిన ఏర్పాటు

హజ్‌కు, ఉమ్రాకు బయలుదేరేవారి ఇళ్ళలో ఇహ్రామ్ వస్త్రాలు, మందులు, దుఆల పుస్తకాలు వారాల ముందే సిద్ధమవుతాయి. డబ్బు సంగతి మాత్రం చాలాచోట్ల చివరి రోజుకు మిగిలిపోతుంది. కార్డు ఉంది కదా, అక్కడి ఏటీఎంలో తీసుకోవచ్చునన్న ధీమాయే దీనికి కారణం. ఆ ధీమాకు చెల్లించే మూల్యం కొన్ని వేల రూపాయలు కావచ్చు. జనగామలో చిన్న దుకాణం నడిపినవారికీ, మహబూబాబాద్ పల్లెల్లో మిరప పండించినవారికీ, భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసి పదవీ విరమణ పొందినవారికీ ఆ సొమ్ము ఏళ్ళ తరబడి కూడబెట్టిన హలాల్ సంపాదన. దానిని అజాగ్రత్త వల్ల రుసుముల పాలు చేయడం సరికాదు.

అల్లాహ్‌పై భారం వేసి వెళ్తున్నప్పుడు ఈ లెక్కలెందుకని కొందరు పెద్దలు అంటారు. పూర్వం యమన్ వాసులు కొందరు ప్రయాణ సామగ్రి లేకుండానే హజ్‌కు వచ్చి, తాము అల్లాహ్‌ను నమ్ముకున్నవారమని చెప్పుకునేవారు. తీరా మక్కా చేరాక జనాన్ని యాచించేవారు. సామగ్రి వెంట తీసుకువెళ్ళమని ఆదేశించే బఖరా సూరా 197వ ఆయతు ఆ సందర్భంలోనే అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపిన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. సామగ్రులన్నిటిలో శ్రేష్ఠమైనది దైవభీతి అని కూడా ఆ ఆయతే బోధిస్తుంది. కనుక ముందుజాగ్రత్త తవక్కుల్‌కు విరుద్ధం కాదు. నాటి సామగ్రి ఖర్జూరం, నీటితిత్తి అయితే, నేటి సామగ్రిలో రియాళ్ళు, కార్డు కూడా చేరాయి.

లోగడ భారత హజ్ కమిటీయే ప్రతి యాత్రికునికీ బయలుదేరేముందు 2,100 రియాళ్ళు అందజేసేది. 2023 హజ్‌తో ఆ ఏర్పాటు తొలగిపోయి, రియాళ్ళు సమకూర్చుకునే బాధ్యత యాత్రికునిపై పడింది. ఉమ్రా యాత్రికులకైతే ఇది మొదటినుంచీ ఉన్న బాధ్యతే.

మన డెబిట్ కార్డుతో విదేశీ ఏటీఎంలో నగదు తీస్తే సాధారణంగా మూడు భారాలు పడతాయి. తీసిన ప్రతిసారీ మన బ్యాంకు తీసుకునే స్థిర రుసుము మొదటిది. మొత్తంపై శాతం చొప్పున వేసే విదేశీ కరెన్సీ మార్కప్ రెండవది. ఈ రెండు రుసుములపై 18 శాతం జీఎస్టీ మూడవది. వీటికి తోడు అక్కడి ఏటీఎం యజమాని బ్యాంకు కూడా వేరుగా కొంత కోరవచ్చు. ఒక ఉదాహరణ చూద్దాం. రియాలు 24 రూపాయలనీ, స్థిర రుసుము 125 రూపాయలనీ, మార్కప్ 3.5 శాతమనీ అనుకుందాం. 3,000 రియాళ్ళను పదిసార్లుగా, 300 చొప్పున తీస్తే స్థిర రుసుము 1,250, మార్కప్ 2,520, జీఎస్టీ 679 రూపాయలు. వెరసి సుమారు 4,450 రూపాయలు. అదే మొత్తాన్ని రెండుసార్లుగా తీస్తే భారం సుమారు 3,270 రూపాయలకు తగ్గుతుంది. సార్లు తగ్గించినందుకే దాదాపు 1,180 రూపాయలు మిగులుతాయి. బ్యాంకును బట్టి ఈ అంకెలు మారతాయి కనుక, మీ బ్యాంకు రుసుములెంతో బయలుదేరకముందే అడిగి రాసిపెట్టుకోండి. కొన్ని బ్యాంకులు మార్కప్ లేని కార్డులు కూడా ఇస్తున్నాయి. విదేశీ ఏటీఎంలో నిల్వ ఎంతో చూసుకున్నందుకు సైతం కొన్ని బ్యాంకులు రుసుము వేస్తాయి. ఆ పని ఫోనులోని బ్యాంకు యాప్‌లో చేసుకోవడం మేలు.

ఇక ఏటీఎం తెరపై వచ్చే ఒక ప్రశ్న విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. సొమ్మును రూపాయల్లోకి మార్చి లెక్క కట్టమంటారా, రియాళ్ళలోనే ఉంచమంటారా అని యంత్రం అడుగుతుంది. రూపాయలు మనకు తెలిసిన లెక్క గనుక ముసలివారు వెంటనే దానినే నొక్కుతారు. అలా నొక్కితే మారకపు ధరను అక్కడి బ్యాంకు తనకు నచ్చినట్లు నిర్ణయిస్తుంది. అది సాధారణంగా మనకు నష్టమే. పైగా అప్పుడు కూడా మన బ్యాంకు తన రుసుమును వదలకపోవచ్చు. రియాళ్ళనే ఎంచుకోండి. దుకాణంలో కార్డు గీసినప్పుడు కూడా ఇదే ప్రశ్న వస్తే ఇదే సమాధానం.

క్రెడిట్ కార్డుతో నగదు తీయడం వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం. వస్తువులు కొన్నప్పుడు బాకీ తీర్చడానికి ఉండే వడ్డీలేని గడువు నగదుకు వర్తించదు. తీసిన నాటి నుండే వడ్డీ మొదలవుతుంది; నగదు రుసుము దానికి అదనం. కాబా ఎదుటికి వెళ్ళి వడ్డీ లావాదేవీలో చిక్కుకోవడం ఏ విశ్వాసికీ తగదు. కనుక క్రెడిట్ కార్డును ఏటీఎంలో పెట్టనే వద్దు. అవసరమైతే ఇంట్లోనే వదిలి వెళ్ళండి.

మరి మేలైన మార్గమేది? అవసరంలో ఎక్కువ భాగాన్ని ఇక్కడే రియాళ్ళుగా మార్చుకోవడం. సాధారణ ప్రయాణికులు విదేశీ నోట్ల రూపంలో 3,000 డాలర్ల విలువకు మించి తీసుకోరాదన్నది రిజర్వు బ్యాంకు పరిమితి. హజ్, ఉమ్రా యాత్రికులకు అందులో సడలింపు ఉంది. అయితే మార్పిడికి చెల్లించే సొమ్ము 50,000 రూపాయలు, ఆపైన ఉంటే నగదుగా కాక బ్యాంకు ఖాతా ద్వారానే చెల్లించాలి. మన మూడు జిల్లాల పట్టణాల్లోని బ్యాంకు శాఖల్లో రియాళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉండకపోవచ్చు. వరంగల్ నుండో, హైదరాబాద్ నుండో తెప్పించాలంటే రోజులు పడుతుంది. కనుక రెండు వారాల ముందే శాఖలో అడగండి; ఒకటి రెండు చోట్ల ధర పోల్చుకోండి. జనగామ, మహబూబాబాద్ వారు రైలు దిగి సికింద్రాబాద్‌లోనూ, భూపాలపల్లి వారు వరంగల్‌లోనూ అనుమతి గల మారకపు సంస్థను ఆశ్రయించవచ్చు. శంషాబాద్ విమానాశ్రయంలోని కౌంటరును మాత్రం చివరి ఆధారంగానే ఉంచుకోండి. అక్కడ ధర సాధారణంగా మనకు అనుకూలంగా ఉండదు.

ఎక్కువ నగదు వెంట ఉంచుకోవడానికి భయపడేవారు ఫారెక్స్ కార్డు తీసుకోవచ్చు. దానిలో డాలర్లు కాక రియాళ్ళే నింపించండి. డాలర్లు నింపిన కార్డుతో రియాళ్ళు తీస్తే మరోసారి మార్పిడి రుసుము పడవచ్చు. ఏటీఎంలో ప్రతిసారీ కొంత స్థిర రుసుము ఈ కార్డుకూ ఉంటుంది కనుక, దుకాణాల్లో నేరుగా చెల్లించడానికి దానిని వాడుకోవడమే లాభం.

ఇక్కడ రూపాయలు ఇవ్వండి, మక్కాలో రియాళ్ళు ఇస్తామనే మధ్యవర్తుల మాట నమ్మవద్దు. అనుమతి లేనివారితో విదేశీ మారకం జరపడం చట్టవిరుద్ధం. కరెన్సీ మార్పిడి చేతికి చేయిగా, అక్కడికక్కడే ముగియాలన్నది ఫిఖ్హ్ పండితులు చెప్పే నియమం. మధ్యవర్తి మాట తప్పితే పరాయి దేశంలో మనకు న్యాయం చెప్పేవారుండరు. సౌదీలో పనిచేసే కుమారుడో, అల్లుడో తల్లిదండ్రులకు అక్కడే కొన్ని రియాళ్ళు కానుకగా ఇస్తే అది వేరు. అందులో ఏ రుసుమూ లేదు. తల్లిదండ్రుల సేవ పుణ్యమూ ఉంది.

ఎన్ని రియాళ్ళు వెంట ఉన్నా, అత్యవసరానికి ఒక డెబిట్ కార్డు ఉండాలి. 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలో మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకాన్ని ఖాతాదారుడే యాప్‌లోగానీ శాఖలోగానీ తెరిపించుకోవాలి. ఈ చిన్న పని మరచినవారు మక్కాలో ఏటీఎం ముందు వట్టి చేతులతో నిలబడి, తోటి యాత్రికులను అప్పు అడగవలసి వస్తుంది. యమన్ యాత్రికుల పరిస్థితి కూడా అదే కదా!

ఈ బాధ్యత ఇంట్లోని చదువుకున్న పిల్లలది. అబ్బా, అమ్మీ బయలుదేరే వారం ముందు ఒక సాయంత్రం వారితో కూర్చోండి. కార్డు విదేశీ వాడకాన్ని తెరిపించి, రోజువారీ పరిమితి నిర్ణయించండి. దగ్గరి ఏటీఎం దగ్గరకు తీసుకెళ్ళి పిన్ నొక్కడం అభ్యాసం చేయించండి. ఆ పిన్ ఎవరికీ, బృంద నాయకునికి సైతం, చెప్పవద్దని గట్టిగా చెప్పండి. కార్డు పోతే ఫోను చేయవలసిన బ్యాంకు నంబరును కాగితంపై రాసి ఇవ్వండి. నగదును రెండుచోట్ల దాచుకోమనండి.

తిరిగి వచ్చాక రియాళ్ళు మిగిలితే, మరో యాత్ర కోసమని ఎంతైనా దాచుకోవచ్చుననుకోవద్దు. 2,000 డాలర్ల విలువకు మించిన నోట్లను 180 రోజుల్లోగా బ్యాంకుకో, అనుమతి గల మారకపు సంస్థకో అప్పగించాలి. ఇలా పొదుపైన ఆ నాలుగైదు వేలు ఏ వితంతువు ఇంటి కిరాణాకో, ఏ పేద విద్యార్థి ఫీజుకో చేరితే, బ్యాంకుకు పోవలసిన సొమ్ము సదఖాగా మారుతుంది.

మన సంపాదనను హలాల్‌గా ఉంచి, హలాల్‌గా ఖర్చు చేసే సద్బుద్ధిని, స్వీకారయోగ్యమైన హజ్, ఉమ్రాలను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.